కొండెక్కే ప్యాంటు

రెడీమేడ్ దుకాణంలో ఎవరైనా కొత్త ప్యాంటు వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే నాకు మా వదిన గుర్తొస్తుంది. "నిలబడి చూసుకుంటే ఏ ప్యాంటైనా బాగానే ఉంటుంది. గొంతుక్కూర్చో. అప్పుడు బయటపడుతుంది దాని సంగతి" అనేది. కొనేది తన దగ్గర కాకపోయినా చెప్పేది. ముందు లోపలివైపు తిరగేసి కుట్టు చూసేది, తర్వాత గుడ్డను వేళ్ళ మధ్య నలిపేది. రంగు సంగతి ఆఖరికి. చూపు మందగించి ఆవిడ కుట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆవిడ మిషను ఉండే ముందుగదిలో ఇప్పుడు మా అన్నయ్య చెప్పులూ గొడుగులూ పెట్టుకుంటాడు.

నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పడం, బిగించడం, ఒక మర మిగిలిపోతే మళ్ళీ విప్పడం, అలా వచ్చిన విద్య. వదిన మిషను మంచీ చెడూ చూసేది నేనే కాబట్టి ఈ కథంతా నా కళ్ళముందే జరిగింది.

మాది కొండ కింది ఊరు. సెలవుల్లో కొండెక్కడానికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవారు. వాళ్ళను పైకి తీసుకెళ్ళే గైడ్లు పదిమంది దాకా ఉండేవారు. వదిన ఆ రోజుల్లో కర్టెన్లు, దిండు గలీబులు, ఆడపిల్లల స్కూలు గౌన్లు కుట్టేది. ఆవిడ మనసంతా ప్యాంట్ల మీద ఉండేది. అన్నయ్య పాత ప్యాంట్లన్నీ విప్పి చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. కానీ వీధిలో ఒక్కరూ ప్యాంటు కుట్టమని గుడ్డ ఇచ్చేవారు కాదు.

ఒకరోజు గైడ్లలో పెద్దవాడు వచ్చాడు. నిటారు బండల మీద కూడా తడబడకుండా నడిచేవాడు గనక అందరూ ఆయన్ని మేక అనేవారు. ఆరోజు మోచేతికి కట్టు ఉంది.

"వదులు ప్యాంటు చెల్లెమ్మా. అంచు వేరుకు తగులుకుంది, పది అడుగులు జారాను. బిగుతుది కొంటే మోకాలు లేవదు. కాలికి అంటుకున్నట్టుండాలి, మోకాలు గుండెదాకా రావాలి. అవుతుందా నీవల్ల?"

"ఎందుకవదన్నా" అంది వదిన, వెంటనే. ఆ తొందరే కొంప ముంచింది.

మందపాటి గుడ్డ తెచ్చింది. కుంచించుకుపోకుండా కోయకముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టింది. మేకను నిటారుగా నిలబెట్టి, నేర్చుకున్న పద్ధతిలోనే కొలతలు తీసింది. ప్యాంటు అచ్చు పోసినట్టు వచ్చింది. మొదటి పెద్ద బండ దగ్గర, పన్నెండుమంది చూస్తుండగా, రెండు తొడలు కలిసే చోట పర్రున చిరిగింది. మేక తన కోటు నడుముకు కట్టుకుని, అందరినీ ముందు పంపి, తను వెనకాల దిగాడు.

సాయంత్రానికి వీధంతా పాకింది. టీకొట్టాయన నన్ను చూసి, "మీ వదిన గాలాడేలా కుట్టిందటగా" అన్నాడు. మేక మాత్రం నవ్వలేదు. చిరిగిన ప్యాంటు తెచ్చి బల్లమీద పెట్టి, "తప్పు నాదేలే చెల్లెమ్మా. మా ఇంటి కర్టెన్లు మాత్రం నీ దగ్గరే" అన్నాడు. ఆ మాటే వదినకు ముల్లులా దిగింది.

అన్నయ్య ఓదార్చబోయాడు. "పోనీలెద్దూ, గౌన్లున్నాయిగా."

"మీ నీలం ప్యాంటు ఇలా ఇవ్వండి" అంది వదిన.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య ప్యాంటు వేసుకుని, నడుముకు తాడు బిగించి, జేబులో సుద్దముక్క వేసుకుని కొండకు బయల్దేరింది. తోడుగా నన్ను లాక్కెళ్ళింది. అప్పటికి ఆవిడకు నలభై దాటాయి. ఎక్కడ గుడ్డ బిగిస్తే అక్కడ ఆగి సుద్దతో గీత గీసేది.

"వదినా, ఇలా గీతలకి ఆగుతూ పోతే పైకి చేరేసరికి నాకు గడ్డం పెరుగుతుంది."

"పెరగనీ మరిదీ, అప్పుడైనా పెద్దమనిషిలా కనబడతావు."

దిగేసరికి ఆ ప్యాంటు నిండా తెల్లగీతలు. మోకాళ్ళ మీద అడ్డంగా, కూర్చునే చోట విల్లులా, తొడల మధ్య నాలుగు కుట్లు కలిసే చోట గజిబిజిగా. ఇంటికి రాగానే దాన్ని బల్లమీద పరిచి చాలాసేపు చూసింది. "నిలబడ్డ మనిషికి కుట్టాను. ఎక్కే మనిషికి కుట్టలేదు" అంది.

కొలతలు ఉన్నాయి గనక ఎవరూ అడక్కుండానే రెండోది కోసింది. తొడల మధ్య నాలుగు మూలల ముక్క ఒకటి విడిగా అతికించింది, కుట్లన్నీ ఒకేచోట కలవకుండా. మోకాలి దగ్గర రెండువైపులా చిన్న మడతలు పెట్టింది. అంచును చీలమండ దగ్గర బిగించింది. మందపాటి గుడ్డకు లావు సూది వేసి, కుట్టు తప్పకుండా మిషను సరిచేయడం నా వంతు. మూడు వరసల కుట్టు వేసింది.

ప్యాంటు నా చేతికిచ్చి, "వేసుకోనంటే గుమ్మం తుడుచుకోమను" అంది.

మేక టీకొట్టు దగ్గర మిగతా గైడ్లతో ఉన్నాడు. "ఈసారి రెండు కోట్లు తీసుకెళ్ళాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన గుమ్మం మాట చెప్పలేదు నేను. కొండెక్కి గీసుకున్న గీతల సంగతి చెప్పాను. మేక నవ్వు ఆపి, ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాత ఏ కబురూ లేదు. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. వదిన గౌన్లు కుడుతూనే ఉంది, ఎదురుచూడనట్టే. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే మాత్రం మిషను చక్రం మీద చేయి పడి ఆగేది. చిరిగితే ఆ కబురు ఎప్పుడో వచ్చేదని నేను అనేవాణ్ణి. "వేసుకుంటే కదా చిరగడానికి" అనేది ఆవిడ.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం మేక వచ్చాడు. వెనక నలుగురు గైడ్లు. ఉతికిన ప్యాంటు బల్లమీద పెట్టాడు. మోకాళ్ళు వెలిసిపోయాయి, కూర్చునే చోట గుడ్డ అరిగి పల్చబడింది.

"నూటపదిసార్లు ఎక్కాను దీంతో. మళ్ళీ ఇలాంటిదే కావాలి. వీళ్ళక్కూడా."

వదిన ఆయన ముఖం చూడలేదు. ప్యాంటు తిరగేసి కుట్టంతా వేలితో తడిమింది. ఒక్క దారం లేవలేదు. నలుగురికీ కొలతలు తీసింది. ఒక్కొక్కరి చేత గోడపట్టుకుని కాలెత్తించింది, కూర్చోబెట్టింది, వంగమంది. వాళ్ళు బడిపిల్లల్లా చెప్పినట్టు చేశారు.

అందరూ వెళ్ళాక చిన్న కత్తెర తీసి, ఆ పాత ప్యాంటు తొడల మధ్య కుట్టు ఒక్క అంగుళం విప్పింది.

"బాగున్నదాన్ని ఎందుకు విప్పుతావు వదినా?"

"బాగుంది కాబట్టే. ఎలా నిలబడిందో చూడొద్దూ?"

లోపలి దారాలను వెలుతురులో పెట్టి చూసుకుని, సూది దారం తీసుకుని ఆ అంగుళం చేత్తోనే మళ్ళీ కుట్టేసింది.