మోప్కాలో నెగ్గిన నా లెక్క

2004లో నేను బిలాస్‌పూర్ టీవీ ప్రసార కేంద్రంలో కొత్తగా చేరాను. ఏ పేటలో సిగ్నల్ ఎంత బలంగా అందుతుందో లెక్కగట్టి మ్యాపు గీశాను. దగ్గరున్న నెహ్రూ నగర్‌లో ఎత్తైన భవనాల వెనక బొమ్మ మసకబారుతుందనీ, దూరమైనా అడ్డులేని మోప్కాలో స్పష్టంగా వస్తుందనీ రాశాను.

"ఏటమ్మా, దూరమెల్తే బొమ్మ బాగొస్తాదా?" అని మా సీనియర్ అప్పారావుగారు అందరి ముందూ నవ్వారు.

మర్నాడు కొలత పరికరాలున్న వ్యానులో అందరం బయల్దేరాం. నెహ్రూ నగర్‌లో నా అంకె సరిపోయింది. మోప్కాలో మాత్రం మీటరు ముల్లు కదల్లేదు. యాంటెన్నా తీగ తడిమి చూస్తే బిగింపు వదులుగా ఉంది. బిగించగానే ముల్లు పైకి లేచి, నేను రాసిన అంకె దగ్గరే ఆగింది.

"అచ్ఛా! నీ లెక్కే నెగ్గిందమ్మా!" అంటూ అప్పారావుగారు మ్యాపు మీద నా పేరు స్వయంగా రాశారు.

పదిమంది కాదన్నా, సరైన లెక్క వేసినవాళ్లు తలదించుకోనక్కర్లేదని ఆ రోజే తెలుసుకున్నాను.