ఆర్కెస్ట్రా ముందు తోపులాట

పోయిన ఆదివారం పొద్దున మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. కోయంబత్తూరులో ఏదో కాలేజీ కచేరీ. గిటార్లు మోగుతుంటే స్టేజీ ముందు పిల్లలు వలయంగా నిలబడి, పాట ఊపందుకోగానే ఒకరి మీదికొకరు దూకి భుజాలతో గుద్దుకుంటున్నారు. వాళ్ల నడుమ జుట్టు విరబోసుకుని ఎగురుతున్న ఆడపిల్ల మా చిన్న మామ కొడుక్కి మనవరాలని ఎవరో పోల్చి, ఆ సంగతీ కింద చేర్చారు.

మా గ్రూపు నడిచే తీరు మీకు కొంచెం చెప్పాలి. తమిళనాట తరతరాలుగా ఇళ్లలో తెలుగే మాట్లాడుతున్నా బళ్లో చదివింది అరవం కాబట్టి, నాలాగ పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్న ఒకరిద్దరికి తప్ప తెలుగు రాయడం ఎవరికీ రాదు, అందుకని అందరూ గొంతు రికార్డు చేసి పంపుకుంటారు. అసలు వీడియో పూర్తిగా చూసేవాళ్లు తక్కువ, ముందువాడు ఎంత కోపంగా మాట్లాడాడో విని అంతకంటే కాస్త హెచ్చు కోపంగా మాట్లాడటమే అక్కడి పద్ధతి. పెద్దవాణ్ణి కదా అని నేనూ మూడు నిమిషాలు దంచాను. మా కాలంలో పాట దగ్గర భయభక్తులుండేవని, దీన్నిలా పెంచినవాళ్లను అనాలని అన్నాను. మెచ్చుకోలు బొటనవేళ్లు వరసగా వచ్చిపడ్డాయి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకది హాయిగానే ఉండింది. మధ్యాహ్నానికి మామ కొడుకు గ్రూపు వదిలి వెళ్లినట్టు ఒక్క లైను కనబడింది.

ఆ లైను చూశాకే మా కాలం నిజంగా గుర్తొచ్చింది.

మా ఊరు చిన్నమనూరు తిరునాళ్లలో దీపాలు పెట్టేవేళకే ఆర్కెస్ట్రా మొదలయ్యేది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ద్రాక్షతోటల్లో పని ముగించి, మోకాళ్ల పైకి పంచె కట్టి, నడుముకు తువ్వాలు బిగించి స్టేజీ ముందుకు చేరితే, మోచేతులతో పక్కవాణ్ణి తోసుకుంటూ ఎగరడమే మాకు ఆట. మామ కొడుకు ఆ తోపులాటకు వచ్చేవాడు కాదు. నాకంటే ఏడాది చిన్న. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, తెల్లవారి భజనకు మృదంగం అతనిదే, వీధి వీధంతా అతని చేతుల్ని మెచ్చుకునేది, మా అమ్మ మరీను. ఆ మెప్పు నాకు గిట్టేది కాదు. ఒక ఏడు తిరునాళ్ల సాయంత్రం నేనే అతన్ని బలవంతాన లాక్కొచ్చి, పాట మంచి ఊపులో ఉండగా మోచేత్తో కావాలనే తోశాను. పడ్డాడు, అతని మీద ఇంకో నలుగురు పడ్డారు. కింద నుంచి నావైపు చెయ్యి చాచాడు. నేను చూశాను. చూసి, పాట అయ్యేదాకా ఆడాను.

పెద్దవాళ్లు అడిగితే, బోడినాయకనూరు నుంచి ఏలకుల జీపుల్లో దిగిన కుర్రాళ్లు తోశారని చెప్పాను. అతని చేతికి కట్టు కట్టించారు గాని మోచెయ్యి మళ్లీ సరిగా వంగలేదు. ఆ మార్గళికి మృదంగం ఇంకొకరి ఒళ్లోకి పోయింది, అతను వెనక వరసలో కూర్చుని వంతపాట పాడేవాడు. నన్ను ఒక్క మాటా అనలేదు కాబట్టి అతనికి తెలియదనే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను.

ఆదివారం సాయంత్రం ఆ వీడియో మొత్తం చూశాను. చివరలో ఒక పిల్లవాడు కింద పడ్డాడు. ఆ అమ్మాయి రెండు చేతులూ బారజాపి అందరినీ ఆపింది, చుట్టూ ఉన్నవాళ్లు కంచెలా నిలబడ్డారు, ఇద్దరు వాణ్ణి లేవనెత్తారు, వాడు నవ్వాక మళ్లీ ఆట మొదలైంది.

నా వల్ల కాలేదు. జరిగింది జరిగినట్టు గ్రూపులో చెప్పేశాను. ఒక్క బొటనవేలూ రాలేదు, ఎవరో కొత్తింటి గృహప్రవేశం పత్రిక పెట్టారు, నా మాట పైకి జరిగిపోయింది. వినాల్సినవాడు గ్రూపులోనే లేడని అప్పుడు తట్టి, అతనికి ఫోన్ చేసి అదే చెప్పాను.

"తెలుసు బావా, అప్పుడే తెలుసు," అన్నాడు తాపీగా. "నా చెయ్యి కోసరం గ్రూపు విడిచి పోలేదు. పాపను అందరూ అట్ల అంటావుంటే వినలేక పోతిని. ఆమెతో మాట్లాడు." ఫోను మనవరాలికిచ్చాడు.

"వీడియో కడదాకా చూసినారా తాతా?" అని మాత్రం అడిగింది.

చూశానమ్మా, మాట్లాడిన తరువాత చూశాను అన్నాను. సరి తాతా అని ఫోను తిరిగి ఇచ్చేసింది. తప్పయిందని ఆ పిల్లతో నేను అననేలేదు.

మన రోజులు మంచివని రాసేవాళ్లను చూసి నాకూ అలా రాయాలని ఉండేది. ఇప్పటి పిల్లలు గుద్దుకుంటారు, కాని పడినవాడు లేచేదాకా ఆగుతారు. మేము ఆగలేదు, అంతే తేడా. అప్పట్లో మామ కొడుకు ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల అవతల ఉండేది, తప్పు చెప్పుకోవడానికి ఆ నాలుగు గడపలు నడవలేకపోయాను. ఇప్పుడు వాళ్లు కోయంబత్తూరు పక్కన తుడియలూరులో ఉన్నారు, నేనుండే మదురై నుంచి రెండు బస్సులు మారాలి.