టిప్పర్ల దుమ్ము కంప్యూటర్లో లేపబోయి

గనులు మంచి ఊపు మీదున్న రోజుల్లో నేను బళ్లారిలో ఒక చిన్న స్టూడియోలో పనిచేసేదాన్ని. పెళ్లి వీడియోలకు టైటిళ్లు, కేబుల్ టీవీకి ప్రకటనలు చేయడం మా పని. బెంగళూరులో యానిమేషన్ కోర్సు చదివొచ్చానని, కంప్యూటర్లో నేను ఏదైనా చేయగలనని మా బంధువుల నమ్మకం.

అలా నమ్మే వచ్చాడు మా మామ, అమ్మ తమ్ముడు. చోరనూరు దగ్గర ఆయన జొన్నచేను రోడ్డును ఆనుకుని ఉంది. ఇనుప రాయి తోలే టిప్పర్లు పగలంతా ఆ దారినే పోతాయి.

"చొప్ప మీద ఎర్రదుమ్ము పేరుకుంటాండాది పాపా. ఎద్దులు మూతి తిప్పుకుంటాండాయి. ఆఫీసరు వస్తాండాడని గనులోళ్లు ముందే తెలుసుకోని టిప్పర్లు నిలబెడ్తారు, రోడ్డుకు నీళ్లు కొడ్తారు. ఆయప్పకు దుమ్మే కనపడదు. మా ఊర్లో మీటింగ్ ఉండాది, ఆయప్ప వస్తాడు. నువ్వు ఆ దుమ్ము కంప్యూటర్లో చేసియ్యి, ఆడ చూపిద్దాం."

"కెమెరాతో తీస్తే సరిపోతాది కదా మామా?"

"యాడ తీయనిస్తారు? పోయినసారి ఫోను గుంజుకున్నారు."

కాదనలేకపోయాను. రోడ్డు, చేను, టిప్పర్ తొందరగానే తయారయ్యాయి. దుమ్ము దగ్గర చిక్కుకుపోయాను. దుమ్మంటే కంప్యూటర్లో వేలకు వేల రేణువులు. ఒక్కొక్కటి ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తేనే మరుక్షణం ఎక్కడికి పోతుందో అది లెక్క కట్టగలదు. చివరి దృశ్యం చూడాలన్నా మొదటి నుంచి రావాల్సిందే. గాలి కొంచెం మార్చినా, కెమెరా కొంచెం జరిపినా మళ్లీ అదంతా మొదలు. చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

కోర్సులో విని వదిలేసిన 'క్యాష్' సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దుమ్ము కదలికను ఒకసారి లెక్క కట్టించి డిస్కులో దాచుకుంటే, తర్వాత దాన్ని చదివి బొమ్మలు గీయించుకోవచ్చు. దాచబోతే సగంలోనే డిస్కు నిండిపోయింది. రేణువుల రంగు, వయసు లాంటి వివరాలన్నీ తీసేసి, చోటు, వేగం మాత్రం ఉంచాను. కెమెరాకు అందనివాటిని చెరిపేశాను. ఈసారి దాదాపు అయిపోతుందనగా కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కూసి ఊరుకుంది.

"నీ దుమ్ముతో పెళ్లి పని నిలబడిపోయిందమ్మా. స్వల్ప తగ్గించు," అన్నాడు స్టూడియో యజమాని. కసురుకోలేదు, బతిమాలాడు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

రేణువులు తగ్గించాను. చాలక ఇంకా తగ్గించాను. క్యాష్ పూర్తయ్యాక రెండు కంప్యూటర్లకు చెరి సగం పంచితే బొమ్మలు గీసే పని, రెండరింగ్, చకచకా అయిపోయింది. తీరా చూస్తే టిప్పర్ వెనక లేచింది ఎవరో గుప్పెడు కారం చల్లినట్టుంది.

"ఇంతేనా పాపా?" అన్నాడు మామ.

"ఇంతకన్నా మిషన్ మోయలేదు మామా."

"పోనీలే. ఇదన్నా చూపిద్దాం."

మీటింగులో ఆఫీసరు చివరిదాకా ఓపికగానే చూశాడు. "ఇదు గ్రాఫిక్స్ అల్వేనమ్మా?" అంటూ, ఇది గ్రాఫిక్సే కదా అని కన్నడంలో అడిగి నవ్వాడు. గ్రాఫిక్సే.

మామ లేచి నిలబడ్డాడు. "సార్, అసలుది దీనికన్నా ఘోరంగా ఉండాది. అంత దుమ్ము లేపేదానికి మా పాప మిషన్‌కు చాతకాలేదు."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వించడానికి అనలేదు. ఆఫీసరు తర్వాతి విషయానికి పోయాడు.

మరుసటి పంట కారుకు మామ ఆ చేను విత్తలేదు. టిప్పర్లు నిలబెట్టుకోవడానికి ఇచ్చేశాడని అమ్మ చెబితే ఫోన్ చేశాను.

"ఏం జేద్దాం పాపా, బీడు పెట్టుకోని ఏం జేసేది?" అన్నాడు.

ఆయన వెనక ఏదో బండి రివర్సు తీస్తోంది. ఆ చప్పుడులోనే, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. తిన్నానన్న నా జవాబు వినపడలేదేమో, మళ్లీ అడిగాడు.