లిసాండర్ అంటే అర్థం

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా కింది వాటాలో ఒక గ్రీకు పెద్దావిడ ఉండేది. కొడుకు పేరు ఎత్తితే దాని అర్థం కూడా చెప్పనిదే ఊరుకునేది కాదు.

"లిసాండర్. వెనకటి స్పార్టా సేనాపతి పేరు. మనుషుల్ని విడిపించేవాడని అర్థం. మా దేశంలో లిసాండ్రోస్ అంటాం" అంటూ గాలిలో ముడి విప్పుతున్నట్టు వేళ్లు కదిపేది. ఇక్కడి బడిలో ఆ పేరును సాండర్ అని కుదించేశారని ఆవిడకు ఎప్పుడూ కోపమే.

తర్వాత మతిమరుపు జబ్బు వచ్చింది. ఇక నయం కాదన్నారు డాక్టర్లు. ముందు నన్ను మరిచిపోయింది, ఆ తర్వాత వంట. ఒక ఆదివారం పప్పుచారు పట్టుకుని కిందికి వెళ్లేసరికి, కొడుకు గుమ్మం బయట నిలబడి పరాయివాడిలా తన పేరు చెప్పుకుంటున్నాడు.

ఆవిడ ముఖం విప్పారింది. "ఎంత మంచి పేరు! దాని అర్థం తెలుసా మీకు?"

తెలియదన్నట్టు తలూపి, చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు.

అతను వెళ్లిపోతుంటే మెట్ల దగ్గర ఉండబట్టలేక అడిగాను. "అమ్మా అని పిలవచ్చు కదండీ?"

"పిలిచి చూశానండీ. భయపడి తలుపేసుకుంటోంది. పేరు చెబితేనే లోపలికి రానిస్తోంది."