నీళ్లు కొట్టిన చెక్క

ఆలూరు దిక్కున మాకు ఆ నల్లరేగడి చేను ఒక్కటే ఆధారం. ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు కదిలిస్తే పిండి చల్లినట్టు లేచేది. కింది ఆకులు జిగురెక్కి, ఆ జిగురుమీద మసి పేరుకునేది. చేయి తుడుచుకుంటే కొంగు నల్లబడేది.

మా అన్న సర్కారు వ్యవసాయ ఫారంలో పనిచేసేవాడు. దోమకు కొత్త మందు వచ్చిందనీ, రైతుల చేన్లలో కొట్టి చూస్తున్నారనీ, మా చేనూ రాయించాననీ చెప్పేసరికి నా ప్రాణం లేచొచ్చింది. కడప నుంచి వచ్చిన ఆఫీసరు మా చేనులో కర్ర నాటించి, "ఇది చెక్" అన్నాడు.

"అవున్సార్, ఇది మా చెక్కే. గట్టు అవతలిది మా దాయాదిది" అన్నాడు మా ఆయన. మాకు చెక్క అంటే పొలం ముక్క. ఆఫీసరు నవ్వాడు. అన్న కూడా నవ్వాడు.

అన్నే పంపు వీపున తగిలించుకుని మా చేన్లోనూ, దాయాది చేన్లోనూ కొట్టాడు. నేను బిందెలతో నీళ్లు మోశాను. మందు కదా అని పిల్లల్ని ఆ దిక్కు పోనియ్యలేదు.

కొన్నాళ్లకు దాయాది చేను తేరుకుంది. మాది ఆకు ముడుచుకుని రాలసాగింది.

"ఏమప్పా, మీ దోమకు మందు శానా రుచించినట్టుండాదే!" అని దాయాది మా ఆయన్ను ఎగతాళి చేశాడు.

అన్న రాగానే అడిగాను. "మాకొక మందు, వాళ్లకొక మందు కొట్టినావా అన్నా?"

"మీది చెక్ అమ్మీ. చెక్ అంటే ఒట్టి నీళ్లే కొడతారు. మందు కొట్టిందానికీ, కొట్టందానికీ తేడా చూడాల గదా."

"ముందే చెప్పొద్దా?"

"చెప్తే ఎవురు ఒప్పుకుంటారు? నా చెల్లెలు గదా, ఏమనదులే అనుకున్యా."

"ఇప్పుడన్నా కొట్టు."

"ఇప్పుడు కొడితే పరీక్ష చెడిపోతాది. ఆఫీసరు వచ్చి చూసేదాకా చెట్లు పీకొద్దండి. నా నౌకరీ పోతాది."

ఆ పొద్దు వాళ్లిద్దరూ ఎందుకు నవ్వారో అప్పుడు తెలిసింది. నేను చేన్లోకి దిగి పీకడం మొదలుపెట్టాను. రెండు సాళ్లు పీకాక ఒక చెట్టున కాయ పగిలి, ఇంత దూది కనిపించింది. చేయి రాలేదు. ఆ దూది తీసి ఒడిలో వేసుకుని, మిగిలిన సాళ్లలో పగిలిన కాయల కోసం వెతుక్కుంటూ పోయాను.

అన్న గట్టుమీదే నిలబడి ఉన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంట్లో సంగటి ఉంది, తిందువు రా అన్నా అని పిలవలేదు. వాడిని అట్లా పిలవకపోవడం నాకు అదే మొదలు.