పైడమ్మ సిస్టర్ బీరువా తాళం

మొన్న మధ్యాహ్నం మా వార్డులో కొత్తగా చేరిన పిల్ల మార్ఫిన్ ఆంప్యూల్ మెడ విరిచింది. వేలెడంత కూడా ఉండని గాజు సీసా అది. విరిగేటప్పుడు టిక్కుమని సన్నటి చప్పుడొకటి వస్తుంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న చప్పుడే అయినా, మందు సూదిలోకి ఎక్కేదాకా నాకు ఊపిరాడదు. ఆ పిల్ల నా ముఖం చూసి బెదిరిపోయి, "ఏటి సిస్టర్, అలగ సూస్తన్నారు? సరిగ్గానే ఇరిసినాను కదా" అంది. "నిన్ను కాదులే అమ్మా" అన్నాను. పైడమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆవిణ్ణి తలుచుకుంటే భక్తి, భయం, దుఃఖం అన్నీ వస్తాయి కానీ, అన్నిటికంటే ముందు నా కుళ్ళు నాకు గుర్తొస్తుంది. దాచడమెందుకు?

శ్రీకాకుళంలో ఇదే ఆసుపత్రిలో, ఇదే వార్డుకి ఆమె ఇన్‌ఛార్జ్ సిస్టర్. శ్రీకూర్మం పక్క పల్లె ఆమెది. పొట్టి మనిషి. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మేం మంచాల మీద దుప్పట్లు సర్దేసేవాళ్ళం. ఒకరిని మెచ్చుకోవడం అన్నది ఆమె నోట ఎవరూ విని ఎరగరు. దుప్పటి నలిగితే తిట్టు, నలగకపోతే మౌనం. ఆ మౌనమే మాకు బహుమానం. నేను ఆమదాలవలస నుంచి బస్సులో వచ్చేదాన్ని. అయిదు నిమిషాలు ఆలస్యమైతే, "మీ ఊరి బస్సొచ్చేదాకా రోగుల నొప్పులు ఆగుతాయేటే?" అనేది. నా పేరు జానకి అని ఆమెకు తెలుసో లేదో అని మొదటి ఏడాదంతా అనుమానంగానే ఉండేది. "ఒసే" అంటే నేనే.

చేరిన వారంలోనే ఆమె నాకు నేర్పింది లెక్క. మార్ఫిన్ లాంటి మందులు ఇష్టమొచ్చినట్టు వాడేవి కావు. వాటికి విడిగా చిన్న బీరువా, అందులో సీసాల పెట్టె, విడిగా ఒక పుస్తకం. వాడిన ఖాళీ సీసా కూడా వెనక్కి రావాలి. డ్యూటీ మారేటప్పుడు లెక్క చూసి ఇద్దరు సంతకాలు పెట్టాలి. అంతవరకూ అన్నిచోట్లా ఉన్నదే. పైడమ్మ సిస్టర్ పద్ధతి వేరు. డ్యూటీలోకి వచ్చిన నర్సు ముందు పెట్టెలో సీసాలు లెక్కపెట్టి పైకి చెప్పాలి. అప్పటిదాకా పుస్తకం ఆమె చంకలోనే ఉండేది. నేనొకసారి పుస్తకం వైపు మెడ చాపితే చెయ్యి మీద ఒక్కటి వేసింది. "పుస్తకం సూసి పెట్టిలోవి లెక్కెడితే నీ కన్ను పుస్తకంలో ఉన్నదే సూస్తాది. పెట్టిలో ఉన్నది సూడదు. ముందు పెట్టి, తరవాత పుస్తకం. ఇది తప్పినావంటే నా వార్డులో ఉండకు" అంది. నా చెయ్యి చురుక్కుమన్నా, మాట మాత్రం బుర్రలో దిగబడిపోయింది.

నేను చేరిన ఏడాదిన్నరకి శ్యామల వచ్చింది. నెమ్మదైన పిల్ల. నోట్లో నాలుక లేదన్నట్టు ఉండేది. వచ్చిన ఆరు నెలలకే పైడమ్మ సిస్టర్ ఉదయం డ్యూటీలో బీరువా తాళం ఆమె చేతికిచ్చింది. నాకు కాదు, ముందు చేరిన నాకు కాదు! ఆ రోజు నేను అన్నం తినలేదు. అదేమీ జీతం పెరిగే పని కాదు, నెత్తిన బరువే. అయినా కడుపు మండిపోయింది. దానికి తోడు ఆమెను "శ్యామలా" అని పేరు పెట్టి పిలిచేది పైడమ్మ సిస్టర్. ఆ పేరు వినపడినప్పుడల్లా పుండు మీద కారం చల్లినట్టే ఉండేది. శ్యామల నాకేం కీడు చేసింది? ఏమీ లేదు. నాకు జ్వరమొస్తే నా డ్యూటీ చేసింది. ఆ చేసినందుకు కూడా ఏడ్చాను. పైడమ్మ సిస్టర్ దగ్గర మంచి మార్కులు కొట్టేయడానికే చేసిందని నా మనసు నాకు చెప్పేది, నేను వినేదాన్ని.

అలాంటి రోజుల్లోనే అది జరిగింది. ఇద్దరం ఉదయం డ్యూటీలో ఉన్నాం. కిటికీ పక్క మంచం మీద ఒక ముసలి రైతు, క్యాన్సర్ నొప్పికి మంచం పట్టీ కొరుకుతున్నాడు. డాక్టరు మార్ఫిన్ రాశారు. శ్యామల బీరువా తెరిచి ఒక ఆంప్యూల్ నా చేతిలో పెట్టింది. పుస్తకంలో ఇద్దరం సంతకాలు పెట్టాం. మంచం దగ్గరికి వెళ్ళి మెడ విరవబోయాను. సీసా నడుం దగ్గర పగిలిపోయింది. మందంతా నేల మీద. పగిలితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ముక్కలు ఏరి, చూపించి, పుస్తకంలో రాయించాలి. పది నిమిషాల పని. కానీ చూపించవలసింది శ్యామలకి, ఆపైన పైడమ్మ సిస్టర్‌కి. "నీ సెయ్యికి కుదురు నేదే, అందుకే తాళం నీకియ్యనేదు" అని ఆమె అంటున్నట్టు అప్పుడే చెవిలో వినపడిపోయింది. ముక్కలు దూదిలో చుట్టి జేబులో వేసుకున్నాను.

శ్యామల పక్క మంచం దగ్గర పుండుకి కట్టు కడుతోంది. రెండు చేతులకీ గ్లవ్స్. "బీరువాలో కేసు కాగితం మరిసిపోనాను, తాళం ఇయ్యవా" అన్నాను. "జేబులో ఉన్నాది అక్కా, తీసుకో" అంది, తలెత్తకుండానే. తాళం చెయ్యి మారకూడదు, అది ఆమె తప్పు. ఇంకో ఆంప్యూల్ తీశాను, తాళం మళ్ళీ ఆమె జేబులో వేశాను, రైతుకి సూది వేశాను. ఆయన నిద్రపోయాడు. ఖాళీ సీసా బుద్ధిగా వెనక్కి పెట్టాను. పుస్తకంలో ఒకటి, పెట్టెలోంచి పోయినవి రెండు.

రెండింటికి మధ్యాహ్నం డ్యూటీ అమ్మాయి వచ్చి పెట్టె లెక్కపెట్టి, "పదకొండు" అంది. పైడమ్మ సిస్టర్ చంకలోంచి పుస్తకం తీసింది. పన్నెండు ఉండాలి. మూడుసార్లు లెక్కపెట్టించింది. పదకొండే. శ్యామల ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాళం ఆమెది. మార్ఫిన్ పోయిందన్న కాగితం పైకి వెళ్తే ఉద్యోగం పోవడమే కాదు, దొంగ అన్న పేరు ఏ ఆసుపత్రి గుమ్మం దాకానైనా వెంట వస్తుంది.

"తాళం ఎవులికైనా ఇచ్చినావా?" అంది పైడమ్మ సిస్టర్.

శ్యామల నా వైపు చూడనైనా లేదు. "నేదు సిస్టర్."

తన తప్పు కప్పిపుచ్చుకోడానికి అబద్ధమాడింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, లోపల ఒక మూల సంతోషం కూడా కలిగింది. చూశావా నీ శ్యామల, అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడి, మళ్ళీ సంతోషం! అంత నీచంగా ఉన్నాను ఆ పూట.

"నాలుగింటి దాకా సూస్తాను. లెక్క దొరికిందాకా ఎవులూ ఇంటికెల్లడం నేదు" అంది. రెండు గంటలు వెతికాం. ఆ వయసులో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మంచాల కింద చెయ్యి పెట్టింది, చెత్తబుట్టలు బోర్లించింది. నేనూ వెతికాను. నా జేబులో ఉన్నదాన్ని మంచాల కింద వెతికాను. వంగినప్పుడల్లా దూది తొడకి తగిలేది. చెప్పేద్దామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. శ్యామలను చూస్తే మళ్ళీ లోపలికి పోయింది.

నాలుగింటికి ఆమె డ్యూటీ గదిలో కాగితం ముందేసుకుని కూర్చుంది. శ్యామల ఎదురుగా, నేను గుమ్మంలో. పైడమ్మ సిస్టర్ తన ఫ్లాస్కు తీసింది. అందులో టీ ఆమె ఎవరికీ చుక్క పోసి ఎరగదు. మూతలోకి ఒంపి శ్యామల ముందుకి జరిపింది. "తాగు. నువ్వు తియ్యనేదని నాకు తెలుసు. కాగితం మాత్రం రాయాల, తప్పదు" అంది.

ఓలమ్మో, నాకు ఒళ్ళంతా భగ్గుమంది! లెక్క తప్పింది, తాళం ఆమెది, అబద్ధం కూడా ఆడింది. అయినా ఆమెను నమ్ముతుంది! నేను ఏ తప్పూ చెయ్యని రోజున కూడా నన్ను ఇలా నమ్మిందా ఈవిడ? ఏం చేస్తున్నానో తెలియకుండానే దూది తీసి బల్ల మీద పడేశాను. "నాను పగలగొట్టినాను. నానే దాసినాను. తాళం నానే అడిగి తీసుకున్నాను" అన్నాను. ఏడుపు వచ్చేసింది. పశ్చాత్తాపంతో చెప్పానని ఆ తరువాత చాలామంది అనుకున్నారు. అంత మంచిదాన్ని కాను. ఆ టీ చూసి ఓర్చుకోలేక చెప్పాను.

పైడమ్మ సిస్టర్ కేకలు వెయ్యలేదు. చిన్న పట్టకారుతో ముక్కలు ఒక్కొక్కటీ తీసి, మెడ, నడుం, అడుగు వరసగా పేర్చి చూసుకుంది. "ఎన్నింటికి?" అంది. పది ముప్పావు అన్నాను. "రాయి." రాశాను. శ్యామల తాళం ఇచ్చిన సంగతి శ్యామల చేతే రాయించింది. కాగితం ఆ సాయంత్రమే పైకి వెళ్ళింది. నాకు మెమో వచ్చింది, శ్యామలకి హెచ్చరిక. తాళం మాత్రం శ్యామల దగ్గరే ఉంచింది. నా కుళ్ళు కూడా నా దగ్గరే ఉండిపోయింది.

తరువాత నాలుగేళ్ళకి ఆమె పదవీ విరమణ. పూలదండలూ ఫోటోలూ అయ్యాక నన్ను డ్యూటీ గదిలోకి పిలిచి, బీరువా తాళం, పుస్తకం నా చేతిలో పెట్టింది. నమ్మలేకపోయాను. "శ్యామలకి కదా సిస్టర్?" అన్నాను.

"ఆ పిల్లకి ఒద్దు. ఆ రోజు తాళం నీకిచ్చినానని ఎందుకు సెప్పనేదో తెలుసా?"

"బయపడి."

"నీ మొకం. బయపడే పిల్లయితే నీ పేరు సెప్పి బయటపడిపోయేది. నీ జీతం మీదే మీ ఇల్లు నడుస్తన్నాదని నోరు మూసుకున్నాది. ఆ సాయంత్రమే ఆ పిల్లని అడిగినాను నాను." తన ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది. "మంచి పిల్ల. అడిగినోలికల్లా జేబులోది ఇచ్చేస్తాది. అలాటోలికి బీరువా తాళం ఇవ్వకూడదు. పక్కన నానున్నాను గనక ఇన్నాల్లూ సెల్లింది. నీకయితే ఎవులేటి తీస్తన్నారో, ఎవులికేటి దక్కుతన్నాదో, ఎప్పుడూ అదే సూపు. బీరువాకి ఆ కన్నే కావాల."

"నానూ దాసినాను కదా సిస్టర్" అన్నాను.

"దాసినావు. నా టీ సూసి కక్కేసినావు. నాకు తెలీదనుకున్నావేటే జానకీ?"

నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు, అదే ఆఖరు.

తాళం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ముందు పెట్టె, తరువాత పుస్తకం. కొత్తపిల్లలు నన్ను రాక్షసి అనుకుంటారని తెలుసు, అనుకోనీ. శ్యామల ఇప్పుడు కింది అంతస్తులో పిల్లల వార్డులో పనిచేస్తోంది. మధ్యాహ్నం ఇద్దరం కలిసే అన్నం తింటాం. తన డబ్బాలో చేపముక్క నా పళ్ళెంలో వెయ్యందే తినదు. "పైడమ్మ సిస్టర్ ఎవుల్నీ మెచ్చుకోకుండానే ఎల్లిపోనారు కదక్కా" అని ఒక్కోసారి అంటుంది. సిస్టర్ తనను మంచి పిల్ల అన్నదని శ్యామలకి చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదు. "అవును, ఎవర్నీ మెచ్చుకోలేదు" అని, ఆమె వేసిన ముక్క తింటాను.