మందులు దాచి చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, ఈ ఉదయం ఆరాధనలో నేను మీ ముందు నిలబడి అబద్ధం చెప్పాను. ప్రార్థించాను, భయం పోయింది, మందులు పారేశాను అన్నాను. ప్రార్థించింది నిజం, భయం పోయిందన్నది సగం నిజం, మందుల మాట పచ్చి అబద్ధం! ఎందుకన్నానో నాకే తెలియడం లేదు. మందులు పారేశానని ఎవరైనా అనగానే మన గుడిలో స్తోత్రాలు మారుమోగుతాయి, ఆ చప్పుడు కోరుకున్నానో, సంఘపెద్దనై ఉండి భయస్థుణ్ణని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డానో!

రెండేళ్ళ కిందట ఇంట్లో ఏ లోటూ లేకపోయినా పొద్దున లేచింది మొదలు గుండె దడ. అమ్మాయి ఎక్కిన బస్సు బోల్తా పడుతుందని, గ్యాస్ కట్టెయ్యలేదని, నేను పనిచేసే బడి రిజిస్టరులో తప్పు రాశానని, ఒక బెంగ తీరకముందే ఇంకొకటి, మెడ పట్టేసేది, గుండె పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు, మరి ఈ వణుకెక్కడిది?

"ఏటైపోనాదయ్యా నీకు?" అని నా భార్య అడిగితే, గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి లేచిపోయేవాణ్ణి.

"ప్రభువా, నా విశ్వాసం చాలడం లేదా?" అని ఉపవాసాలున్నాను. చివరికి విజయనగరంలో డాక్టరుగారు ఇది ఆందోళన జబ్బు, అవిశ్వాసం కాదన్నారు. మందులిచ్చారు, మెల్లగా ఊపిరి వదలడం, రోజూ నడవడం, బెంగలు కాగితం మీద రాసి నా చేతిలో ఉన్నదేదో చూసుకోవడం నేర్పారు. నెలలు పట్టింది. ఇప్పటికీ కొన్నాళ్ళు దడ వస్తుంది. బాగుచేసింది ప్రార్థనా, మందా? ఎంత ఆలోచించినా విడదీయలేకపోతున్నాను.

ఆరాధన అయ్యాక, నూలు వడికే మన రత్నం నా దగ్గరికొచ్చింది. ఆమెదీ ఇదే జబ్బు. పోయినేడు మందులు ఒక్కసారిగా మానేసి, వడుకుతున్న పోగు పదేపదే తెంపేసుకుంటూ, వారం రోజులు అన్నం ముట్టలేదు.

"నీకు పోనాది గదన్నా, నాకూ పోద్ది. ఇయ్యాలే మానేత్తాను" అంది.

నేను తలూపి వచ్చేశాను! ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఆమె వారం రోజుల పస్తు గుర్తొచ్చింది. లేచి వాళ్ళింటికి వెళ్ళాను.

"నాను మందులు మాన్లేదమ్మా. పొద్దున్న కూడా ఏసుకునే గుడికొచ్చాను."

"ఓరి నాయనో! మాత్తర్లు పొయ్యిలో ఏసీసినాను గదా! మైకిస్తే సాలు, మీ పెద్దోళ్ళకి ఒళ్ళు తెలీదు!"

ఆమె మందుల చీటీ తీసుకుని మెడికల్ షాపుకి పరుగెత్తాను. మాత్రలు తెచ్చి, ఆమె మింగేదాకా గడపలో కూర్చుని, డాక్టరుగారిని అడగకుండా మళ్ళీ మానవద్దని బతిమాలుకున్నాను. సాయంత్రం సంఘంలో ఒప్పుకుంటానన్నాను.

"నా పేరు కూడా సెప్పన్నా, మళ్ళీ సగం దాసీకు" అంది.

అందుకే పాస్టరు అయ్యగారిని వేడుకుని ఈ సాయంకాలం మళ్ళీ నిలబడ్డాను. తెలియనిది చాలా ఉంది గానీ, వణుకుతున్న నన్ను ఆయన వదిలిపెట్టలేదని తెలుసు, దేవునికే మహిమ! మందులు వేసుకునేవారు వేసుకుంటూనే ఆయన దగ్గరికి రండి. మీలో ఎవరికైనా ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళాలంటే భయమైతే, రేపు పొద్దున రత్నంతో కలిసి నేను విజయనగరం బస్సెక్కుతున్నాను, మాతో రండి.